శనివారం నిలబడేవాళ్ళు

ఫిబ్రవరి 4

పరుగులమ్మకు,

ఈ ఉత్తరం అసలు రాయకూడదనే అనుకున్నాను. కలం మూత తీయడం, పెట్టడం, మళ్ళీ తీయడం. చివరికి మీ చిన్నమ్మమ్మ, "రాస్తే రాయండి, లేకపోతే ఆ మూతనైనా ప్రశాంతంగా బతకనివ్వండి" అంది. అందుకని రాస్తున్నాను. నీకోసం కాదు, మూత కోసం.

సంగతేమిటంటే, ఫోనులో మన మాటలు ఇక సాగవు. నా చెవులు నాకంటే ముందే పదవీవిరమణ చేశాయి. నువ్వు అటునుంచి ఏదో చెబుతావు, నేను ఇటునుంచి "మంచిదమ్మా, మంచిదమ్మా" అంటాను. పోయిన నెల జ్వరంతో పడుకున్నానని నువ్వు చెప్పినప్పుడు కూడా అదే అన్నానట. మీ అమ్మ నాకు బాగా గడ్డి పెట్టింది. అదీ సగమే వినపడింది, అంతవరకు నయం. కాబట్టి ఇక కాగితమే.

మొన్న ఇంటికి వచ్చినప్పుడు చెప్పులు వేసుకుంటూ ఒక ప్రశ్న అడిగి, జవాబు వినకుండా మెట్లు దిగిపోయావు. మీ కాలంలో యంత్రానికి తెలివి ఎలా పెట్టేవాళ్ళు చిన్నతాతా అని. జవాబు ఇదిగో. ఇప్పుడు మెట్లు దిగలేవు.

నేను ఆ పరిశోధనశాలకు పరిశోధకుడిగా వెళ్ళలేదని నీకు తెలుసు. కంప్యూటరు గదిని చల్లగా ఉంచే యంత్రం మొరాయిస్తే బాగుచేయడానికి వెళ్ళాను. అప్పటి కంప్యూటర్లు బీరువాలంత ఉండేవి. మనుషులు చెమటలు కక్కుతున్నా ఫరవాలేదు, వాటికి మాత్రం చలి కావాలి. ఆ చల్లదనానికి పరిశోధకులంతా అక్కడే చేరి పోట్లాడుకునేవాళ్ళు. నేను పానా పట్టుకుని వింటూ ఉండేవాణ్ణి. వినగా వినగా పుస్తకాలు అడిగి తీసుకున్నాను. చదవగా చదవగా పానా ఎక్కడ పెట్టానో మరిచిపోయాను.

వాళ్ళు చేస్తున్నది పొట్టనొప్పి యంత్రం. రోగి జవాబులు చెబుతూ పోతే, ఇది ఫలానా జబ్బు కావచ్చని అది చెప్పాలి. మేం దానికి పెట్టుకున్న పేరు ముసలమ్మ, ఎందుకంటే ప్రశ్న మీద ప్రశ్న వేసి ప్రాణం తీసేది. నా పని డాక్టరుగారి ఎదురుగా కూర్చుని ఆయన బుర్రలో ఉన్నది బయటికి లాగడం. నొప్పి కుడివైపు కింద ఉంటే, జ్వరం కూడా ఉంటే, నడిస్తే ఎక్కువైతే, అప్పుడు అపెండిసైటిస్‌ను అనుమానించు. ఇలా ఒక్కొక్కటే సూత్రం. ప్రతి సూత్రం పక్కన రాసినవాళ్ళ పొడి అక్షరాలు. యంత్రాన్ని "ఎందుకలా అన్నావు?" అని అడిగితే, ఏయే సూత్రాల మీదుగా నడిచి వచ్చిందో మొత్తం అప్పజెప్పేది.

ఇక శనివారం. ఆ వారంలో ముసలమ్మ ఎక్కడ తప్పు చెప్పిందో తేల్చి, ఆ సూత్రం రాసినవాళ్ళు లేచి నిలబడాలి. శిక్ష కాదు. నిలబడ్డవాళ్ళను అందరూ ఎందుకు, ఎందుకు అని అడిగేవాళ్ళు, తప్పు వేరు దొరికేదాకా. నేను మొదటిసారి నిలబడ్డప్పుడు మా ముసలమ్మ నెలల పాపను "రోజుకు ఎన్ని సిగరెట్లు తాగుతారు?" అని అడిగింది. "పెద్దవాళ్ళయితేనే" అన్న ముక్క నేను రాయలేదు. డాక్టరుగారు చెప్పలేదు, ఎందుకంటే అది చెప్పాల్సిన సంగతని ఆయనకు తోచనే తోచదు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. తరవాత మా పెద్దాయన, అంటే విభాగాధిపతి, తన చేత్తో టీ పోసి మొదటి కప్పు నాకిచ్చాడు. నిలబడ్డవాళ్ళకే మొదటి కప్పు. అది అక్కడి పద్ధతి.

మీ దగ్గర శనివారం ఎవరు నిలబడతారు?

మెట్లకేసి చూస్తూ,
చిన్నతాత


ఫిబ్రవరి 15

చిన్నతాతకు,

బస్సులో రాస్తున్నాను. అక్షరాలు గెంతితే తప్పు నాది కాదు, డ్రైవరుది.

మా దగ్గర ఎవరూ నిలబడరు. నిలబడడానికి, రాసినవాళ్ళంటూ ఎవరూ లేరు.

మేం చేసే యంత్రం అంబులెన్స్ కోసం వచ్చే ఫోన్లు వింటుంది. ఒకేసారి చాలా ఫోన్లు వచ్చిపడితే, బండి ముందు ఎవరికి పంపాలో వరస చెబుతుంది. దానికోసం మేం సూత్రాలు రాయం. ఏళ్ళ తరబడి పోగైన పాత ఫోన్ల రికార్డింగులు వినిపిస్తాం, దేనికి ఎంత త్వరగా బండి పంపారో చెబుతాం. మిగతాది అది తనంతట తనే నేర్చుకుంటుంది. లోపల ఉన్నవన్నీ అంకెలు, మనిషి చదవగలిగినవి కావు. "ఎందుకు?" అని అడిగితే జవాబు లేదు. అడిగితే మాట్లాడే రకం యంత్రాలు కూడా ఇప్పుడున్నాయి, అవి అందంగా ఒక కారణం చెబుతాయి. నిజంగా ఆ కారణంతోనే అలా అన్నాయని మాకు నమ్మకం లేదు.

నువ్వు మీ ముసలమ్మను అడిగేవాడివి. మేం మాదాన్ని కొలుస్తాం. గోడమీద పెద్ద తెర, తెరమీద ఒక గీత. గీత పైకి పోతే చప్పట్లు. పొద్దున్నే ప్రపంచం నలుమూలల నుంచీ కొత్త వ్యాసాలు కుప్పలుగా వచ్చి పడతాయి, భోజనాల వేళకు పాతబడతాయి. నేను చదువుకునేటప్పుడు మా గైడు ఒకే ఆలోచనను పట్టుకుని ఏళ్ళు కూర్చున్నాడు. అంత పెద్ద యంత్రాలు కాలేజీలో ఎక్కడివి అని ఆయనా ఏదో కంపెనీలోకి వెళ్ళిపోయాడు. ఇప్పుడేం చేస్తున్నారు సార్ అంటే చెప్పకూడదమ్మా అన్నాడు. ఒకప్పుడు బోర్డు నిండా రాసి, తుడవకండని చీటీ అంటించి పోయే మనిషి.

మార్చి చివర్లో అంబులెన్స్ ఆఫీసువాళ్ళకు యంత్రాన్ని చూపించాలి. నచ్చితే వేసవిలో వాళ్ళ ఫోన్ల గదిలో పెడతారు. దానిమీద వ్యాసం కూడా సిద్ధమైంది, అందులో నా పేరు మూడోది. ఇన్నేళ్ళ పరుగుకు చేతిలో పడబోయేది అదొక్కటే. సంతోషంగా ఉండాలి కదా. కుర్చీలో ముళ్ళున్నట్టుంది. లేస్తాను, నీళ్ళ సీసా నింపుకుంటాను, నిండిన సీసానే మళ్ళీ నింపడానికి వెళ్తాను.

స్టాపు వచ్చింది.

నీ
పరుగులమ్మ


ఫిబ్రవరి 24

పరుగులమ్మకు,

యంత్రం తనంతట తనే నేర్చుకుంటుందని రాశావు. చాలా సంతోషం. మరి పొద్దున్నుంచి సాయంత్రం దాకా నువ్వక్కడేం చేస్తావు తల్లీ? మీ అమ్మను అడిగితే, రికార్డింగులు శుభ్రం చేస్తావని చెప్పింది. అంత చదువూ చదివించి చివరికి చీపురు చేతికిచ్చారన్నమాట. మీ చిన్నమ్మమ్మ కళ్ళు తుడుచుకుంది, నవ్వుకో ఏడుపుకో తెలియలేదు.

నీ యంత్రం గురించి చదువుతుంటే మా దారాలాయన గుర్తొచ్చాడు. మా వరండా చివర, మెట్లకింద గదిలో ఉండేవాడు. కాగితం మీద చుక్కలు పెట్టి, చుక్క చుక్కకూ గీతలు కలిపి, ఇదే మెదడు అనేవాడు. చూస్తే చిక్కుపడ్డ దారపు ఉండలా ఉండేది. సూత్రాలు చెప్పకండయ్యా, ఉదాహరణలు చూపించండి, అదే నేర్చుకుంటుంది అని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పేవాడు. నెలల తరబడి పాఠం చెబితే ఆయన యంత్రం మూడుకీ ఎనిమిదికీ తేడా కనిపెట్టేది, అదీ దానికి మనసైన రోజున. అందరూ నవ్వేవాళ్ళు. ఆయన కూడా నవ్వేవాడు, అదే మాకు అర్థమయ్యేది కాదు.

అంతలో మాకు కరువొచ్చింది. సూత్రాలు పెరిగేకొద్దీ ఒకదాని కాలు ఇంకొకటి తొక్కడం మొదలైంది. ఒకటి సరిచేస్తే పక్కది కుంటేది. లోకంలోని సంగతులన్నీ చేత్తో రాసి పెట్టడం ఎవరి తరం? డబ్బిచ్చేవాళ్ళకు విసుగొచ్చింది. దరఖాస్తులో "తెలివైన యంత్రం" అన్న మాట కనబడితే చాలు, చెత్తబుట్ట. గుమ్మం మీది బోర్డు పీకేసి "సమాచార విశ్లేషణ విభాగం" అని కొత్తది కొట్టాం. పని అదే, మనుషులు వాళ్ళే, బోర్డు మాత్రం సాధువు వేషం కట్టింది. ఆ వేషం కూడా ఎన్నాళ్ళో నిలవలేదు. ఒక ఉదయం ముసలమ్మ తీగ పీకేశారు. నేను వెళ్ళి నా పానా వెతుక్కున్నాను.

తరవాత ఎక్కడెక్కడివాళ్ళో, దారాలాయన లాంటివాళ్ళ శిష్యులూ వాళ్ళ శిష్యులూ, పిల్లలు వీడియో ఆటలాడుకోవడానికి చేసిన చిప్పులు తెచ్చి, ఇంటర్నెట్‌లో ఉన్న బొమ్మలన్నీ కుమ్మరించి, అదే దారపు ఉండకు మేతగా వేశారట. అది లేచి పరుగెత్తింది. ఆలోచనలో లోపం లేదట, మేత చాల్లేదట. ఆయన అప్పటికి రిటైరై కూరగాయ మొక్కలు పెంచుకుంటున్నాడు. కలిసినప్పుడు అడిగితే, "నేను చెప్పింది నిజమైందిరా, కానీ దానికి ఇంత తిండి కావాలని నాకూ తెలియదు" అన్నాడు.

చీపురు జాగ్రత్త. నడుము వంచకు.

చిన్నతాత


మార్చి 8

చిన్నతాతకు,

నీ చీపురు మాటకు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వారం రోజులు జవాబు రాయకూడదనుకున్నాను. తరవాత, అసలు శుభ్రం చేయడమంటే ఏమిటో నీకు బుద్ధొచ్చేలా రాద్దామని మధ్యాహ్నం క్యాంటీన్ బల్ల మీద కాగితం తీశాను. ఇదిగో, ఇలా మొదలుపెట్టాను: "ఏరేసేవి ఏమిటంటే, రాంగ్ నంబర్లు, పిల్లలు ఆడుకుంటూ చేసినవి, ఒకటే గరగరమనేవి, మధ్యలో చాలాసేపు మాట లేనివి."

ఆ చివరి ముక్క దగ్గర కలం ఆగిపోయింది. మాట లేనివి. లైను తెగిపోయి ఉంటుందనుకుని నేనే పెట్టిన నిబంధన అది. ఇన్ని సెకన్లకు మించి నిశ్శబ్దం ఉంటే తీసెయ్ అని. చిన్నతాతా, అది నీ సూత్రాల్లాంటిదే. పక్కన పొడి అక్షరాలు లేవు, అంతే తేడా.

అన్నం అలాగే వదిలేసి పైకి వెళ్ళి, ఏరేసిన కుప్పలోంచి కొన్ని తీసి విన్నాను. ఒక పెద్దావిడ. "మా ఆయన పడిపోయారమ్మా" అంది. తరవాత ఏమీ లేదు. వెనక ఎక్కడో గడియారం చప్పుడు. లైను తెగలేదు. ఆవిడ వెళ్ళి చూసి వస్తోంది. మళ్ళీ వచ్చి, "ఊపిరి ఉన్నట్టు లేదు. మీ వీలు చూసుకుని పంపండి" అంది.

యంత్రానికి వినిపించాను. వరసలో అట్టడుగున పెట్టింది. దానికి పైన, వేలు తెగిందని గోల చేస్తున్న మనిషి.

కారణం నాకు అక్కడే తెలిసింది. పాత రోజుల్లో అరిచినవాళ్ళకు బండి ముందు వెళ్ళింది. అది అదే నేర్చుకుంది. నెమ్మదిగా మాట్లాడినా ప్రాణం మీదికి వచ్చినవాళ్ళు ఎక్కువమంది నేను ఏరేసిన కుప్పలో ఉన్నారు. పోనీ పరీక్షలో బయటపడాలి కదా అంటావు. పరీక్ష పెట్టింది కూడా నేను శుభ్రం చేసిన వాటితోనే. అందుకే గీత అంత పైకి పోయింది.

మా పెద్దసారుకు చెప్పాను. చెడ్డమనిషి కాదు. మూడు నెలలుగా సరిగా నిద్రపోయినట్టు లేడు, ఇంకో కంపెనీ కూడా ఇలాంటిదే చేస్తోంది. "తరవాతి వెర్షన్లో చూద్దాం, ముందు చూపించేది చూపించనివ్వు" అన్నాడు. అది ఫోన్ల గదిలోకి వెళ్ళాక తరవాతి వెర్షన్ ఎప్పుడు వస్తుందో ఆయనకూ తెలియదు.

ఒక్క సంగతి చెప్పు. మీ శనివారాల్లో నిలబడ్డవాళ్ళు మొదట ఏమని మొదలుపెట్టేవాళ్ళు?

పరుగులమ్మ


మార్చి 17

పరుగులమ్మకు,

చీపురు మాట వెనక్కి తీసుకున్నాను. నీ ఉత్తరం మీ చిన్నమ్మమ్మకు చదివి వినిపించాను. ఆ పెద్దావిడ మాట దగ్గర ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళింది. అది మా తరం అమ్మా. పోయేటప్పుడు కూడా ఎవరికీ ఇబ్బంది కాకూడదని నేర్చుకున్నవాళ్ళం. మీ పెద్దసారు చూద్దామన్నాడు కదా, చూస్తాడులే. పైవాళ్ళు ఒక పట్టాన వినరు, వారం పోయాక అది తమకే తోచినట్టు చెబుతారు.

నా శనివారాల మీద నీకింత సరదా ఉందని తెలిస్తే ఎప్పుడో చెప్పేవాణ్ణి. మొదలు పెట్టడానికి ఒకే వాక్యం ఉండేది, ఎవరూ మార్చకూడదు: "ఈ తప్పు నాది, రండి వెతుకుదాం." అంతే. "మాది" అనకూడదు, "జరిగింది" అనకూడదు. వెంటనే ఎవరో ఒకరు "ఎందుకు?" అనాలి. మాలో ఒకావిడ ఉండేది, గణితంలో పెద్ద చదువు. నిలబడితే చేతిలో సుద్దముక్క ఉండాల్సిందే, రాయడానికి కాదు, నలపడానికి. సాయంత్రానికి ఆవిడ చుట్టూ పిండిమర పెట్టినట్టుండేది. ఒకాయన నిలబడ్డ వారం తప్పకుండా కొత్త చొక్కా వేసుకొచ్చేవాడు. ఆ వాక్యం పలికాక బెదిరినవాళ్ళను నేను చూడలేదు. అదేమిటో, పలకగానే ఒంటిమీది బరువు దిగి బల్లమీదికి వచ్చేది. ఇక అది అందరిదీ.

మీవాళ్ళకు చెప్పు, నవ్వుకుంటారు.

చిన్నతాత


మార్చి 30

చిన్నతాతకు,

నిలబడ్డాను.

మా పెద్దసారు గీత చూపించడం అయిపోయింది. అంబులెన్స్ ఆఫీసువాళ్ళు తలలూపుతున్నారు. ఇంకేమైనా ఉందా అని అడిగారు, మాటవరసకు. నేను లేచాను. "ఈ తప్పు నాది, రండి వెతుకుదాం" అన్నాను. నువ్వు రాసినట్టే, ఒక్క అక్షరం మార్చకుండా. పెద్దావిడ ఫోను వినిపించాను.

ఎవరూ ఎందుకు అని అడగలేదు. చివరికి అంబులెన్స్ ఆఫీసు తరఫున వెనక వరసలో కూర్చున్న ఒకావిడ, "అవి ఎందుకు తీసేశావమ్మా?" అంది. చెప్పబోతుంటే మా పెద్దసారు, కాస్త విరామం తీసుకుందామన్నాడు. అందరూ బయటికి వెళ్ళారు. నేను ఆ గదిలోనే నిలబడి ఉన్నాను, కూర్చోవడం ఎప్పుడో తెలియక.

మళ్ళీ ఎవరూ రాలేదు. రేపు పిలుస్తారేమో.

పరుగులమ్మ


ఏప్రిల్ 6

నా తల్లికి,

నీ ఉత్తరం చదివి ఈ గదిలో ఆ చివరినుంచి ఈ చివరికి నడుస్తూనే ఉన్నాను. మీ చిన్నమ్మమ్మ గచ్చు అరిగిపోతుందంటోంది. మా పెద్దాయన బతికి ఉంటే ఈ సంగతి చెప్పడానికి బస్సెక్కి పోయేవాణ్ణి. ఆ వాక్యం మళ్ళీ ఒక మనిషి నోటివెంట పలికిందంటే!

మొదట్లో చప్పుడు లేకపోవడం మామూలే, కంగారు పడకు. మా దగ్గర కూడా మొదటి శనివారం అలాగే అయిందట. తరవాత ఒక్కొక్కరే వచ్చి ఎందుకు అంటారు, చూస్తూ ఉండు. ఇంతకీ తప్పు వేరు దొరికిందా? ఇంకెవరైనా లేచారా? టీ ఎవరు పోశారు? ఒక్కటీ వదలకుండా రాయి.

గర్వంతో చొక్కా బిగుతైన
చిన్నతాత


ఏప్రిల్ 6

చిన్నతాతకు,

నన్ను ఆఫీసులోకి రానివ్వడం లేదు. గుమ్మం దగ్గర కార్డు పెడితే ఎర్ర దీపం వెలుగుతోంది. మొన్న కింది అంతస్తులో ఒక గదికి పిలిచారు. కంపెనీ లాయరు, ఇంకెవరో ఇద్దరు. "ఈ తప్పు మీదేనని మీరే అన్నారు కదా" అని అడిగాడు. అవునన్నాను. రాసుకున్నాడు. ఎందుకు తప్పయిందో చెబుతానన్నాను. అక్కర్లేదన్నాడు.

చిన్నతాతా, ఇక్కడ నిలబడడమంటే ఒప్పుకోవడమే. మీ దగ్గర అది మొదటి మాట, ఇక్కడ అదే చివరి మాట. నువ్వు చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. నిలబడేవాళ్ళకు మీ శనివారం ఉండేది. నాకు వాక్యం ఒక్కటే ఉంది, శనివారం లేదు. అది నేను ముందు చూసుకోలేదు.

వ్యాసంలో నా పేరు తీసేశారు. యంత్రం సంగతి ఏమైందో ఎవరూ చెప్పడం లేదు. నాతో పనిచేసినవాళ్ళు ఫోనులు ఎత్తడం లేదు. వాళ్ళను అనడానికి లేదు, రేపు వాళ్ళను కూడా ఆ గదికి పిలుస్తారు. వారంలో ఏదో ఒకటి తేలుస్తామన్నారు. అమ్మకు చెప్పకు.

నేను ఈ చిన్న గదిలో ఎంతని నడవను?

పరుగులమ్మ


ఏప్రిల్ 14

తల్లీ,

నా పోయిన ఉత్తరం ఇప్పటికి నీకు చేరి ఉంటుంది. దాన్ని చించెయ్. టీ ఎవరు పోశారని అడిగాను. నీకేం అనిపించి ఉంటుందో తలుచుకుంటే అన్నం దిగడం లేదు. నువ్వు కథ అడుగుతున్నావనుకున్నాను. నువ్వు అడుగుతున్నది దారి అని తోచలేదు.

ఊరికే కూర్చోలేకపోయాను. మీ పెద్దసారుకు నేనే ఒక ఉత్తరం రాశాను. అన్నీ వివరంగా, తొమ్మిది పేజీలు. మా శనివారం పద్ధతి ఏమిటో, ఆ వాక్యం నేనే నేర్పానని, మా అమ్మాయి దోషినని ఒప్పుకోలేదని, వెతకడానికి అందరినీ పిలిచిందని. ఆ పెద్దావిడ ఫోనులో ఏముందో, అందులో మీరు వెతకాల్సింది ఏమిటో కూడా రాశాను. చదివినవాడు మనిషైతే అర్థం చేసుకోకుండా ఉండడు.

పోస్టు చేసి వచ్చి మీ చిన్నమ్మమ్మకు చెప్పాను. ఆవిడ, "వేశాక చెబుతున్నారా?" అని మాత్రం అంది.

చిన్నతాత


ఏప్రిల్ 23

చిన్నతాతా,

ఎందుకు రాశావు?

కంపెనీ రికార్డింగుల్లో ఏముందో బయటి మనిషికి చెప్పకూడదు. అలా చెప్పనని చేరినప్పుడే సంతకం పెట్టాను. నాకు నువ్వు బయటి మనిషివి కాదు కాబట్టి చెప్పాను. ఆ సంగతి నువ్వే నీ చేతిరాతతో తొమ్మిది పేజీలు రాసి వాళ్ళ బల్లమీద పెట్టావు. అప్పటిదాకా మా పెద్దసారు నన్ను ఉంచడానికి చూస్తున్నాడట. నీ ఉత్తరం ముందు లాయరు చేతిలో పడిందట, అతను దాన్ని చూపించాక పెద్దసారు కూడా చేతులెత్తేశాడట.

ఉద్యోగం పోయింది. ఈ రంగంలో అందరికీ అందరూ తెలుసు, ఇంకోచోట ఎవరూ తీసుకోరు. కొన్నాళ్ళు నాకు రాయకు.


మే 11

తల్లికి,

రాయొద్దన్నావు. ఇది నాలుగు వాక్యాలే, జవాబు అక్కర్లేదు. మీ చిన్నమ్మమ్మ నాతో మాట్లాడడం మానేసింది, వినపడని మనిషిని కనుక ఆ సంగతి నాకు తెలియడానికి కొన్నాళ్ళు పట్టింది. ఈ తప్పు నాది, ఎందుకో వెతకాల్సినంత లోతు కూడా దానికి లేదు.

చిన్నతాత


జూన్ 19

చిన్నతాతకు,

నీమీద కోపం పోయిందని రాయడం లేదు. చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి, అవి ఇంకెవరికీ అర్థం కావు.

మే నెలాఖరులో ఒక ఫోను వచ్చింది. ఆరోజు వెనక వరసలో కూర్చున్న ఆవిడ. అంబులెన్స్ ఆఫీసులో ఫోన్ల గదిని నడిపేది ఆవిడే. అందరూ అక్కా అంటారు, ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా. "నువ్వు జవాబు చెప్పేలోపు విరామమన్నారు. అవి ఎందుకు తీసేశావో ఇప్పుడు చెప్పు" అంది. ఫోనులోనే చెప్పాను. చాలాసేపు వింది. మధ్యలో మూడు నాలుగుసార్లు ఎందుకు అంది.

వాళ్ళు యంత్రాన్ని వద్దనలేదు. ఫోన్లు పెరుగుతున్నాయి, మనుషులు చాలడం లేదు. కానీ పక్కన కూర్చుని, అది ఎక్కడ తప్పుతోందో చూసే మనిషిని మేమే పెట్టుకుంటామని అక్క పట్టుబట్టింది. పైవాళ్ళకు ఇష్టం లేదు. ఏడాది పాటు చూద్దామన్నారు. ఆ మనిషి నేనే. పరిశోధన కాదు. చెవులకు హెడ్‌ఫోన్లు, ఎదురుగా తెర, యంత్రం చెప్పిన వరస, పక్కన నేను మార్చిన వరస. మార్చిన ప్రతిచోటా నా పొడి అక్షరాలు పెట్టాలన్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు, పెట్టుకో అన్నారు.

వ్యాసం వచ్చింది. చదివాను, బాగుంది. నేను ఏరేసిన కుప్ప గురించి చివర్లో ఒక వాక్యం ఉంది. అది పెద్దసారు రాయించాడని మాతో పనిచేసిన ఒకమ్మాయి చెప్పింది. మా గైడుకు ఉత్తరం రాశాను, జవాబు రాలేదు. పరిశోధనలోకి తిరిగి వెళ్ళగలనో లేదో తెలియదు. పొద్దున్నే కొత్త వ్యాసాలు ఇప్పటికీ చూస్తాను. చూడకుండా ఉండడం చేతకావడం లేదు. నడక కూడా తగ్గలేదు. ఇక్కడి వరండా పొడుగ్గా ఉంది, అంతే.

నీతో మాట్లాడమని చిన్నమ్మమ్మకు చెప్పాను, నిన్నటినుంచి మాట్లాడుతోందట.

మంగళవారం మధ్యాహ్నం ఒకాయన ఫోన్ చేశాడు. వీధి పేరు, అంతస్తు చెప్పాడు. ఏమైందండీ అంటే, పెద్దగా ఏం లేదు, చెయ్యి లేవడం లేదు అన్నాడు. యంత్రం ఆయన్ని పదకొండోచోట పెట్టింది. నేను పైకి జరిపి పొడి అక్షరాలు పెట్టాను. బండి వెళ్ళింది. బండి వెళ్ళాక ఏమైందో మా గదికి చెప్పే ఏర్పాటు లేదు. ఇంకో ఫోను మోగింది, తీశాను.

పరుగులమ్మ